హలో కోడలి ఒడి

మా లాండ్రీ కొట్టుకి సరిగ్గా ఎదురుగా కుర్చీలమ్మ కొట్టుంది. కుర్చీలు, టేబుళ్ళు, టెంట్లు, గంగాళాల్లాంటి గిన్నెలు, లైట్లు, మైకు సెట్లు... మనిషన్నవాడు పదిమందిని పిలవాల్సిన సందర్భం ఏదొచ్చినా అన్నీ అద్దెకు దొరుకుతాయక్కడ. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో ఇనప మెట్లు. ఆ మెట్ల చప్పుడుని బట్టి ఎవరు దిగుతున్నారో నేను ఇస్త్రీపెట్టె మీంచి తలెత్తకుండా చెప్పెయ్యగలను. కుర్చీలమ్మ దిగితే మెట్లు మూలుగుతాయి. ఆవిడ కొడుకు దిగితే వెనకాల కుక్క తరుముతున్నట్టుంటుంది. కోడలు దిగితే మాత్రం ఏమీ వినపడదు. తలెత్తేసరికి మన ముందు నిలబడి ఉంటుంది, గుండె ఝల్లుమంటుంది.

ఇది ఆ చప్పుడు లేని కోడలి సంగతి.

విచిత్రమేమిటంటే, మా పేట మొత్తానికి ఎక్కువ చప్పుడు చేసే మనిషి కూడా ఆవిడే. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసే మనిషి. తల్లి ఆ పిల్లకి ఊహ తెలియకముందే పోయింది. తండ్రి బల్ల పక్కనే పీట వేసుకుని, విప్పదీసిన రేడియోల మధ్య పెరిగింది. పెళ్ళై ఇక్కడికి రాగానే కొట్లో మూలబడ్డ మైకులన్నీ ముందేసుకుని కూర్చుంది. ఒక్కొక్కటీ లేచి కూసింది. అప్పట్నుంచీ బయటికెళ్ళే ప్రతి మైకునీ ముందు ఆవిడ పరీక్ష చెయ్యాల్సిందే.

"హలో... హలో... మైక్ టెస్టింగ్... ఒకటి... రెండు... మూడు..."

పొద్దున్నే మా పేట లేచేది ఆ గొంతుకే. దాంతో ఆవిడ పేరు ఆవిడకి తప్ప అందరికీ మరుపున పడిపోయింది. పిల్లలకి హలో అక్క, పెద్దవాళ్ళకి హలో కోడలు.

చేతిలో మైకుంటే సింహం. లేకపోతే నోట్లో మాట నోట్లోనే ఉంటుంది. ఒకసారి మేం ఉతికిచ్చిన పరదా పట్టుకుని నా కొట్టుకొచ్చింది. చాలాసేపు నిలబడింది. "ఏంటమ్మా?" అంటే "ఏం లేదు పిన్నీ, బాగా ఉతికారు" అని వెళ్ళిపోయింది. కాసేపటికి ఎదురుకొట్లోంచి స్పీకర్ బాక్సుల్లో గంభీరంగా ఆవిడ గొంతు: "లాండ్రీ పిన్నిగారూ... హలో... పరదా మధ్యలో ఇస్త్రీపెట్టె ఆకారంలో మచ్చ పడిందండీ... ఒకటి... రెండు..." వీధి వీధంతా నా కొట్టువైపు తిరిగింది. తర్వాత అడిగితే, "ఎదురుగా చెప్పడానికి మొహమాటమేసింది పిన్నీ" అంది. నా మొహం సంగతి ఎవరిక్కావాలి!

కడుపుతో ఉన్నప్పుడు కూడా పని మానలేదు. నెలలు నిండేకొద్దీ పొట్టనే బల్ల చేసుకుంది. దాని మీద మైకు ఆనించి పెట్టి, వైరు అతికిస్తూ ఉండేది. "మూడు అనగానే లోపల్నుంచి తంతోంది పిన్నీ, ఒకటికీ రెండుకీ ఊరుకుంటుంది" అని నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

పురుడు తేలిగ్గా జరగలేదు. ఆపరేషన్ అయింది. పాప ఊపిరి కాస్త ఆయాసంగా ఉందని వెంటనే వేరే గదిలోకి తీసుకెళ్ళి పెట్టారు. హలోకి మత్తు దిగేసరికి పక్కన ఉయ్యాల లేదు. మొగుడొచ్చి ఫోను తీసి, "ఇదిగో మన పాప" అని చూపించాడు. ఏ తల్లైనా బిడ్డని మొదట చెయ్యి చాపి తాకుతుంది. ఈవిడ వేలితో తెర మీద పెద్దది చేసి చూసుకుంది. "ముక్కు సరిగ్గా కనపడటం లేదండీ, ఇంకో ఫొటో ఉందా?" అని అడిగిందట.

పాప కోలుకుంది, బయటికొచ్చింది. అప్పటికి హలో ఇంకా లేచి కూర్చోలేని స్థితిలో ఉంది. పాపని నానమ్మ ఎత్తుకుంది, నాన్న ఎత్తుకున్నాడు, మేనత్త ఎత్తుకుంది, పరామర్శకి వెళ్ళిన నేనూ ఎత్తుకున్నాను. అందరం ఎత్తుకున్నాక, మిగిలింది తల్లే.

ఇక్కడ కుర్చీలమ్మ గురించి చెప్పాలి. ఆవిడ చెడ్డ అత్తగారని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆ ఇంట్లో కోడలి కంచంలో మొదట పెట్టి తర్వాత తను తినే మనిషి. కానీ ఆవిడ కొట్టుకో పద్ధతుంది. ఫంక్షన్ ఎవరిదైతే వాళ్ళు వేలు కదపకూడదు. కుర్చీ జరపబోతే ఆవిడ అరుస్తుంది: "మీరు కూర్చోండి! మొయ్యడానికి మేం లేమూ?" ఆ ఒక్క మాటతోనే వ్యాపారం పైకొచ్చింది. కోడలికి పురుడొచ్చేసరికి ఆవిడ అదే పద్ధతి ఇంట్లోనూ పెట్టేసింది. ఫంక్షన్ కోడలిది కనక కోడలు వేలు కదపకూడదు. పాపకి స్నానం ఒకరు, బట్టలు ఒకరు, జోకొట్టడం ఒకరు, పొద్దున ఎత్తుకునేవాళ్ళు వేరు, సాయంత్రం ఎత్తుకునేవాళ్ళు వేరు. పాలకి మాత్రం తల్లి దగ్గరికి తెచ్చి, కడుపు నిండగానే మళ్ళీ తీసుకుపోయేవాళ్ళు, టెంటు కింద కుర్చీలు తెచ్చి, పనయ్యాక పట్టుకుపోయినట్టు.

ఈ ఏర్పాటుకంతటికీ పెద్ద దిక్కు కుర్చీలమ్మ కూతురు, హలోకి వదిన. ముగ్గురు పిల్లల్ని పెంచిన చెయ్యి. పురుడు కోసమని తన ఊరి నుంచి వచ్చింది. పాపని ఒక్క చేత్తో తిప్పి భుజానేసుకుని, రెండో చేత్తో గిన్నెలు కడిగేస్తుంది. పైగా బంగారం లాంటి గొంతు. ఆవిడ జోలపాట ఎత్తుకుంటే పాప సంగతేమో గాని, ఎదురుకొట్లో ఇస్త్రీ చేస్తున్న నాకే కళ్ళు మూతపడేవి.

హలో కూడా ఎత్తుకోవాలని చూసేది. ఎలా ఎత్తుకునేదో ఒకసారి కళ్ళారా చూశాను. గాజు సామాను విప్పుతున్నట్టు, ఊపిరి బిగబట్టి, భుజాలు పైకి లాగేసి ఎత్తుకునేది. తల్లి బిగుసుకుంటే పిల్ల ఊరుకుంటుందా? కెవ్వుమనేది. వెంటనే పక్కనుంచి వదిన రెండు చేతులూ చాపేది.

"అలా కాదమ్మా, ఇటివ్వు."

వదిన దగ్గరికెళ్ళగానే పాప ఊరుకునేది. "చూశావా!" అనేది వదిన, పాపం ఏ కల్మషమూ లేకుండానే. ఆ ఇంట్లో ఆ రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ వినపడ్డ మాట 'ఇటివ్వు'. పాప మూలిగితే ఇటివ్వు. తుమ్మితే ఇటివ్వు. హలో చేతులు నొప్పెడతాయేమోనని ఇటివ్వు. చివరికి ఎవరూ అనకముందే, మనిషి గడపలో కనపడగానే పాపని చాపి ఇచ్చేసే అలవాటు పడిపోయింది హలోకి.

ఒక మధ్యాహ్నం పొత్తిగుడ్డలు ఉతికి ఇవ్వడానికి పైకెళ్ళాను. వదిన వంటింట్లో ఉంది. పాప ఉయ్యాల్లో నిద్రపోతోంది. హలో పక్కనే కూర్చుని, లోపల వైరెక్కడ తెగిందో తెలీని పెట్టెని చూసినట్టు చూస్తోంది.

"పిన్నీ, మీ పెద్దాడు పుట్టినప్పుడు..." అని ఆగింది.

"ఆ, పుట్టినప్పుడు?"

"చూడగానే ప్రేమ పుట్టుకొచ్చేసిందా?"

నిజం చెప్పాలంటే మా పెద్దాణ్ణి మొదటిసారి చూసినప్పుడు నాకొచ్చిన ఆలోచన 'అయ్యో, అచ్చం మా మావగారి చెవులే' అని. ఆ తర్వాత చాన్నాళ్ళు నాకు కావలసింది నిద్రొక్కటే. ఆ మాటే చెప్పబోయాను. నోరు తెరిచేలోగా గుమ్మంలో చుట్టాలు దిగారు. "ఏదీ, ఏదీ బంగారుతల్లి! అబ్బ, ఎంత ముద్దొస్తోందో! ఎత్తుకుంటేనే ఇలా ఉంటే కన్నదానికెలా ఉంటుందో!" అంటూ పాపని లేపేశారు. హలో కూడా నవ్వుతూ, "అవునండీ, చాలా ముద్దొస్తుంది" అంది. ఆ నవ్వు ఎలా ఉందంటే, సంచీ మారిపోయి వేరేవాళ్ళ బట్టలు తమకిస్తే, మొహమాటానికి 'ఇవే మావి' అనే వాళ్ళుంటారు చూడండి, అలా ఉంది.

ఆ తర్వాత వినవచ్చిన మాట నన్ను కూడా కాస్త కలవరపెట్టింది. రాబోయే నెలలన్నీ కొట్టుకి గిరాకీ రోజులు. మైకులు చూడ్డానికి హలో తప్ప దిక్కులేదు. అందుకని పాప కాస్త గట్టిపడేదాకా తన దగ్గరుంచుకుంటానని వదిన ముందుకొచ్చింది. పాలపొడి డబ్బాలు కొన్నారు. సంచీ సర్దారు. రైలుకి టికెట్టు తీశారు.

"అమ్మాయ్, నీకిష్టమేగా?" అని అత్తగారు అడిగిందట కూడా.

హలో తలూపింది. ఆ తలూపడం చూసి ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. కోడలికి మైకులేనిదే మాట రాదన్న సంగతి లోకమంతటికీ తెలుసు. మరి అంత పెద్ద ప్రశ్న అడుగుతున్నప్పుడు ఒక మైకు చేతికివ్వాలని ఎవరికీ తోచలేదు.

ప్రయాణం సాయంత్రం బండికి. ఆ రోజే మా పేట బడి హెడ్మాస్టరుగారి వీడ్కోలు సభ. బడి మైదానం సరిగ్గా కుర్చీలమ్మ కొట్టు వెనకగోడకి ఆనుకునే ఉంటుంది. కుర్చీలు, టెంటు, బాక్సులు అన్నీ వీళ్ళవే. పైగా అదే పూట ఊరవతల ఓ పెళ్ళి కూడా ఒప్పుకున్నారు. మనుషులు చాల్లేదు. కుర్చీలమ్మ స్వయంగా మైదానంలో నిలబడింది. కొడుకు యాంప్లిఫయర్ దగ్గర కూర్చున్నాడు. టీ అందించడానికి చేతులు తక్కువై చివరికి వదిన కూడా కొంగు బిగించి దిగింది. వెళ్తూ వెళ్తూ, "పాప ఇప్పుడే పడుకుంది. లేచేలోగా వచ్చేస్తా. ఒకవేళ లేస్తే గోడ మీంచి ఓ కేకెయ్యి" అంది.

పాప లేచింది.

హలో ఎత్తుకుంది. ఊపింది. తిరిగింది. పాలు పట్టబోతే మొహం తిప్పేసింది. గుక్కపట్టి ఏడుస్తోంది. గోడవతల హెడ్మాస్టరుగారి ఉపన్యాసం మొదలవబోతోంది. కేకేస్తే సభంతా తిరిగి చూస్తుంది, హలోకది చావుతో సమానం. ఏడుపు వినపడకుండా ఉండాలని పాపని ఎత్తుకుని మెట్లు దిగి కింద గుడ్డల గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

ఆ గది గురించి చెప్తేగాని తర్వాత జరిగింది అర్థం కాదు. టెంటుగుడ్డలు, పరదాలు, పరుపులు నేల నుంచి కప్పుదాకా మడతలు మడతలుగా పేర్చి ఉంటాయక్కడ. లోపలికెళ్ళి తలుపేస్తే వీధిలో లారీ బోల్తాపడ్డా వినపడదు. అంత నిశ్శబ్దం గనకే హలో తన పని బల్ల అక్కడ వేసుకుంది. ఆ రోజు బల్ల మీద ఒక కార్డ్‌లెస్ మైకుంది. జతలో ఒకటి హెడ్మాస్టరుగారి చేతికెళ్ళింది. స్విచ్చి పాడై, లైటు కూడా చచ్చిపోయిన రెండోది ఇక్కడ మిగిలింది. పొద్దున్నే హలో స్విచ్చి బాగుచేసి, సెల్లు వేసి చూసింది. లైటు సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టింది. స్విచ్చి కట్టెయ్యడం మరిచిపోయింది.

ఇక మైదానంలోకి రండి. నేను ముందు వరసలోనే ఉన్నాను. హెడ్మాస్టరుగారు తొడుక్కున్న చొక్కా నా చేతి ఇస్త్రీ, అది సభలో ఎలా నిలబడుతుందో చూసుకోవద్దూ! ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈ బడి వదిలి వెళ్తున్నందుకు నా మనసులో ఏముందో..."

బాక్సుల్లోంచి: "క్యార్ర్ర్ర్!"

సభంతా ఉలిక్కిపడింది. ఒక్క క్షణం ఆయనే ఏడ్చారనుకున్నాం. ఆయన కూడా తన మైకువైపు అనుమానంగా చూశారు. మళ్ళీ క్యార్. వెనకనుంచి నవ్వులు మొదలయ్యాయి. హలో మొగుడు యాంప్లిఫయర్ మీద బటన్లన్నీ తడుముతున్నాడు. అంతలో ఏడుపుల మధ్యనుంచి, వణుకుతూ, మా పేటంతటికీ తెలిసిన గొంతు వచ్చింది.

"హలో..."

ఏడుపు.

"హలో... హలో... మైక్ టెస్టింగ్..."

ఏడుపు సగంలో తెగింది. ఎక్కిళ్ళు.

"ఒకటి... రెండు..."

ఏమీ లేదు. బాక్సుల్లో చిన్న ఊపిరి మాత్రం. మైదానమంతా కూడా ఊపిరి బిగబట్టింది, ఎందుకో.

"...మూడు."

గుడ్డ మీద ఏదో తగిలిన చప్పుడు. తర్వాత హలో గొంతు, మేమెవ్వరం ఎప్పుడూ విననంత మెత్తగా:

"అమ్మ దొంగా! తన్నావే! మళ్ళీ అననా? ఒకటి... రెండు... మూడు. ఓసి నీ... నువ్వేనా? లోపల కూర్చుని తన్నింది నువ్వేనటే?"

నవ్వులు ఆగిపోయాయి.

"అయితే నేను తెలుసన్నమాట నీకు. మరి తెలిసుండి ఇన్నాళ్ళూ పరాయిదాన్ని చూసినట్టు ఏడిచావేంటే? ...ఆ, నిజమేలే. నేను మాట్లాడితేగదా నువ్వు పోల్చుకోడానికి. మీ అత్త పాడుతుంది, మీ నానమ్మ పాడుతుంది. నాకు ఒక్క పాట రాదు. మా నాన్నకీ రాదు. మా అమ్మకి వచ్చేదేమో, అడగడానికి లేదు. నేను నోరు తెరిస్తే ఇదే వస్తుంది, హలో, ఒకటి, రెండు... పిల్లకి ఇది వినిపిస్తే నవ్వరూ అందరూ?"

హలో మొగుడికి అప్పటికి విషయం అర్థమైంది. రెండో మైకు బటన్ మీద వేలు పెట్టాడు. నొక్కబోతుంటే వాళ్ళమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. కుర్చీలు మోసి మోసి కాయలు కాసిన చెయ్యది, వాడి వేలు కదలలేదు.

"ఉండు. దాన్ని మాట్లాడనీ" అంది.

"నీకో సంగతి చెప్తా, ఎవరికీ చెప్పకు" అంటున్నాయి బాక్సులు, మైదానం నాలుగు మూలలకీ. "నిన్ను చూస్తే నాకు భయంగా ఉండేదే. అందరూ ముద్దొస్తోందంటే నేనూ వస్తోందన్నాను. నాకు రాలేదు. చుట్టాలింటికొచ్చిన పిల్లలా ఉన్నావు నాకు. ఎవరెత్తుకున్నా ఊరుకుంటావు, నేనెత్తుకుంటే ఏడుస్తావు. నాలో ఏదో వైరు లేకుండా పుట్టించాడేమో దేవుడు అనుకున్నా. అందుకే మీ అత్త తీసుకెళ్తానంటే తలూపాను. నీకు ఏడుపు రానివాళ్ళ దగ్గరే ఉంటావులే అని... ఏయ్, అలా చూడకు. అలా చూస్తే ఎలా పంపను నిన్ను? టికెట్టు కూడా తీశారు. సంచీ గుమ్మంలో ఉంది. అత్తయ్యగారితో నేను చెప్పగలనా? ఎదురుగా నాకు మాట రాదు, నీకు తెలీదు... ఎలాగే, ఇప్పుడు?"

హెడ్మాస్టరుగారు తన ఉపన్యాసం కాగితం నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. నా పక్కనున్న వాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవట్లేదు. టీ పళ్ళెం పట్టుకున్న వదిన ఉన్నచోటే బొమ్మలా నిలబడిపోయింది.

కుర్చీలమ్మ నడిచింది. వెనకాల వదిన. ఆ వెనకాల నేను. నీకేం పని అంటారేమో, చూడ్డానికే వెళ్ళాను, ఇందులో దాచేదేముంది!

గుడ్డల గది తలుపు తీసేసరికి హలో పరదాల మడతలకి ఆనుకుని నేల మీద కూర్చునుంది. భుజాలు దిగి ఉన్నాయి. పాప ఒళ్ళో వెల్లకిలా పడుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని తల్లి నోటివంకే చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదంటే, కొత్త ఊళ్ళో దిగినవాడికి జనంలో ఒక్క ఎరిగిన మొహం కనపడితే చూస్తాడే, అది. హలో చేతిలో మైకు.

కుర్చీలమ్మ వంగి చెయ్యి చాపింది.

"ఇటివ్వు."

హలో మొహం పాలిపోయింది. అలవాటు ప్రకారం రెండు చేతులతో పాపని ఎత్తి అత్తగారికి చాపింది. కానీ మొదటిసారి చేతులు పూర్తిగా ముందుకు రాలేదు, సగంలోనే ఆగాయి.

"పాపని కాదే పిచ్చితల్లీ" అంది కుర్చీలమ్మ. "మైకు."

"మైకా? ఇది పాడైంది కదత్తయ్యా... లైటు వెలగట్లేదు..."

"లైటు వెలగలేదు గాని, ఊరంతా వెలిగింది."

హలోకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ పిల్ల చూసిన చూపు నేను మర్చిపోలేను. కప్పుదాకా పేర్చిన గుడ్డల్లోకి చూసింది, ఏ టెంటు విప్పి కప్పుకుంటే తను పూర్తిగా కనపడకుండా పోతుందా అని. "అంతా... విన్నారా?"

"హెడ్మాస్టరుగారితో సహా" అన్నాను నేను, ఉండబట్టలేక.

కుర్చీలమ్మ మైకు అందుకుని నోటికి దగ్గరగా పెట్టుకుంది. మైకంటే ఆవిడకి గౌరవమెక్కువ, అందుకని కొంగు కూడా సర్దుకుంది. "హెడ్మాస్టరుగారూ, మన్నించండి. ఇక మీ సభ మీరు కానివ్వండి. ఈ పూట బాక్సులకి అద్దె లేదు" అంది. గోడవతల చప్పట్లు కొట్టారని తర్వాత తెలిసింది, ఆ గదిలో మాకేమీ వినపడలేదు. ఆవిడ మైకులోంచి సెల్లు తీసి బల్ల మీద పెట్టింది.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ వదిన ఒక్కసారి బొళ్ళుమంది. "నేనేమన్నా పిల్లని ఎత్తుకుపోతున్నానా అమ్మా? సాయం చేద్దామనేగా! ఇంతమందిలో నేనే పాపిష్టిదాన్నయ్యానా?"

"లేదు వదినా, లేదు!" అని హలో కంగారుగా లేవబోయింది, ఒళ్ళో పాప ఉండటంతో మళ్ళీ కూర్చుండిపోయింది.

కుర్చీలమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "తప్పు నీది కాదు, నాది. ఎన్ని పెళ్ళిళ్ళకి మోశామే మనం కుర్చీలు! మొయ్యమన్నానని మోశావు. కానీ ఎప్పుడైనా పెళ్ళికూతురి కుర్చీలో మనం కూర్చున్నామా? దాని కుర్చీ దానికి వేసి పక్కకి తప్పుకోవద్దూ? మనం వెళ్ళి అందులోనే కూర్చున్నాం. అదేమో పాపం, తన పెళ్ళిలో తను నిలబడి చూస్తోంది."

వదిన ముక్కు తుడుచుకుంది. పాపవంక చూసింది. చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి, సగంలో గుర్తొచ్చి వాటిని వెనక్కి లాక్కుని వీపు దగ్గర కట్టేసుకుంది. అది చూసి హలోకి నవ్వొచ్చింది. హలో నవ్వు చూసి వదినకీ వచ్చింది.

"వదినా, మీరు వెళ్ళిపోతే నాకు స్నానం పొయ్యడం కూడా రాదు. నేను నేర్చుకునేదాకా ఉండరూ?" అంది హలో. మైకు లేకుండా, ఎదురుగా, ఇద్దరి మొహాల్లోకీ చూస్తూ అంది. ఆ పిల్ల నోట అంత పొడుగు మాట విన్నది మేం ముగ్గురం, బహుశా అదే మొదలు.

సాయంత్రం బండికి ఎవరూ వెళ్ళలేదు. వదిన చాలా రోజులుండిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, నోటితో మాత్రమే నేర్పేది. "మెడ కింద చెయ్యి... ఆ... ఇంకో చెయ్యి నడుం కింద... అయ్యో, జారుతోంది, జారుతోంది... నేనేమీ అనట్లేదు, నువ్వే చెయ్యి!" అంటూ తన చీర కొంగు తనే నలిపేసుకునేది. స్నానం పాపకైతే, ముద్దగా తడిసేది హలో. వంటిల్లు, బట్టలు, వచ్చేపోయే జనం, అవన్నీ అత్తగారు మోసింది. గిరాకీ రోజుల్లో మైకులు పాడైతే కొట్టు ఆగలేదు. పాప ఉయ్యాలని గుడ్డల గదిలో బల్ల పక్కకి దింపారు, అంతే.

అలాగని ఒక్క రోజులో అంతా చక్కబడిపోయిందని చెప్తే అబద్ధమవుతుంది. ఆ తర్వాత కూడా పాప ఏడ్చింది, తల్లీ ఏడ్చింది. ఒకసారి నా దగ్గరికొచ్చి, "నిన్న కొంచెం ముద్దొచ్చింది పిన్నీ. ఆవలిస్తుంటే" అని రహస్యంలా చెప్పి వెళ్ళింది. మరోసారి, "ఇవాళ రాలేదు, నిద్రొచ్చింది" అంది. అప్పుడు నేను మా పెద్దాడి చెవుల సంగతి చెప్పాను. పడీ పడీ నవ్వింది. నవ్వడం చాలా బాగుంది గాని, ఇప్పుడు మావాడు ఎదురుపడ్డప్పుడల్లా ముందు వాడి చెవుల వంక చూస్తోంది. వాడు నన్ననుమానిస్తున్నాడు.

మొన్న మధ్యాహ్నం గిరాకీ లేక కొట్టు సగం మూసి అటు వెళ్ళాను. హలో ఒక పాత బాక్సు విప్పి, రెండు చేతులూ లోపల పెట్టి ఏదో అతికిస్తోంది. ఉయ్యాల్లో పాప మేలుకునుంది. నాకు చేతులూరుకోవు కదా, ఎత్తుకున్నాను. ఇప్పుడు చెంపలు వచ్చాయి దానికి. మెడ నిలబెడుతోంది. నా ముక్కుపుడక పట్టుకుని కాసేపు పరిశోధించింది. ఆ తర్వాత విసుగొచ్చిందేమో, నా భుజం మీంచి తల్లివైపు వంగింది. వంగి, పెదవి విరిచింది. నేను వదినావిడ పాడిన జోలపాట అందుకున్నాను. నా గొంతుకి పెదవి ఇంకా విరిచింది.

"ఉండవమ్మా, మీ అమ్మ పనిలో ఉంది. నేను లేనూ?" అన్నాను.

హలో తలెత్తింది. చేతులు బాక్సులోంచి తీసి, మసి కొంగుకి తుడుచుకుంది. రెండు చేతులూ ముందుకు చాపింది, ఏ బెరుకూ లేకుండా, తన సామాను తనడిగినట్టు.

"ఇటివ్వండి పిన్నీ."

నాకింకా కాసేపు ఎత్తుకోవాలనే ఉంది. అయినా ఇచ్చేశాను. ఇవ్వకపోతే మైకులో చెప్పినా చెప్తుంది.